టైరుకు రోడ్డు ఇచ్చే పట్టు ఎంత?

తొలకరి చినుకులు పడ్డ సాయంత్రం హైదరాబాద్‌లో బండ్లు జారిపడటం ఏటా చూసేదే. ఇంజను నిన్నటిదే, బ్రేకులు నిన్నటివే, నడిపే మనిషీ నిన్నటి మనిషే. మారిందల్లా టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టు. వేసవి అంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, ఇంజన్ల నుంచి కారిన ఆయిల్, అరిగిన రబ్బరు పొడి తొలి జల్లుకు కలిసిపోయి పలచని పొరలా పరుచుకుంటాయి. వాన గట్టిగా కురిసి ఆ పొరను కడిగేస్తే పట్టు కొంత తిరిగొస్తుంది. కుండపోతలో జాగ్రత్తగా పోయేవాళ్లు కూడా నాలుగు చినుకులకు జారేది ఇందుకే.

ఈ పట్టునే భౌతికశాస్త్రం ఘర్షణ అంటుంది. బడి పాఠాల్లో ఘర్షణకు కాస్త చెడ్డపేరు ఉంది: కదలికకు అడ్డుపడుతుంది, యంత్రాలను అరగదీస్తుంది, వేడి పుట్టిస్తుంది అని. రోడ్డు మీదికి వచ్చేసరికి దాని పాత్ర పూర్తిగా మారిపోతుంది. ఆగి ఉన్న వస్తువు కదలాలన్నా, కదిలేది ఆగాలన్నా, దారి మళ్లాలన్నా బయటి నుంచి ఒక బలం కావాలని న్యూటన్ మొదటి నియమం. ఇంజను బండిలో భాగమే, బ్రేకూ బండిలో భాగమే. ఆ రెండూ బయటి బలాలు కావు. ఇంజను చక్రాన్ని తిప్పుతుంది, చక్రం రోడ్డును వెనక్కి నెడుతుంది, దానికి ప్రతిచర్యగా రోడ్డు బండిని ముందుకు నెడుతుంది. ఈ చివరి మెట్టు తప్పిపోతే ఏమవుతుందో బురదలో ఇరుక్కున్న కారును చూస్తే తెలుస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా చక్రం గిర్రున తిరుగుతుంది, కారు ఉన్నచోటే ఉంటుంది. బ్రేకు సంగతీ అంతే. బ్రేకు చక్రాన్ని మాత్రమే ఆపగలదు. బండిని ఆపేది రోడ్డు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటే: రోడ్డు గరిష్ఠంగా ఎంత బలం ఇవ్వగలదు?

దీనికి బడిలో నేర్పిన సూత్రమే చాలు. గరిష్ఠ ఘర్షణ బలం రెండింటి లబ్ధం: టైరుకీ రోడ్డుకీ మధ్య ఘర్షణ గుణకం (పట్టు ఎంత గట్టిదో చెప్పే అంకె), రోడ్డు బండిని పైకి నెట్టే అభిలంబ బలం. సమతలంగా ఉన్న రోడ్డు మీద ఆ అభిలంబ బలం బండి బరువుకు సమానం. బరువు అంటే ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతో గుణించిన విలువ. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం వస్తుంది కాబట్టి ద్రవ్యరాశి పైనా కిందా కొట్టేసుకుపోతుంది. మిగిలేది ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణం. ఎత్తు నుంచి వదిలిన గుండ్రాయి, గులకరాయి ఒకేసారి నేలను చేరడానికి కారణమైన రద్దే ఇక్కడా జరుగుతోంది. లారీ అయినా స్కూటీ అయినా సూత్రం ఇచ్చే హద్దు ఒకటే. అయితే లారీ టైర్ల రబ్బరు గట్టిది, గాలి బ్రేకులు పట్టడానికి కాస్త సమయం పడుతుంది. అందుకని నిజంగా ఆగేటప్పుడు లారీ వెనకబడుతుంది. లారీ ముందు కట్ కొట్టి దూరే బైకులకు ఈ తేడా తెలియదనే అనుకోవాలి.

గురుత్వ త్వరణం విలువ పుస్తకాల్లో 9.8 అనీ, లెక్క తేలికగా ఉండటానికి 10 అనీ చెబుతారు. భూమధ్యరేఖకు ఉత్తరంగా 17 డిగ్రీల చిల్లర దూరంలో, సముద్రమట్టానికి అర కిలోమీటరు పైన ఉన్న హైదరాబాద్‌లో అది దాదాపు 9.78 మీ/సె². ధ్రువాల దగ్గర 9.83. అంటే స్ప్రింగు కాటాతో తూస్తే ధ్రువం దగ్గర కిలో చూపించే సరుకు ఇక్కడ ఐదు గ్రాములు తక్కువ చూపిస్తుంది. తక్కెడతో తూస్తే రెండు పళ్లేల మీదా అదే గురుత్వం కాబట్టి తేడా ఉండదు. రోడ్డు మీద ఇది పట్టించుకోవాల్సినంత తేడా కాదు. 1961లో ఏర్పడి, ఉప్పల్ దారిలో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు మాత్రం ఇలాంటి తేడాలే ముడిసరుకు. గురుత్వంలో పది లక్షల్లో ఒక వంతు మార్పును కూడా పట్టే పరికరాలతో నేల అడుగున బరువైన రాయి ఉందా తేలికైన రాయి ఉందా అని అక్కడి శాస్త్రవేత్తలు అంచనా వేస్తారు.

ఘర్షణ గుణకం అలా స్థిరంగా ఉండదు. మంచి టైరు, పొడి తారు రోడ్డు అయితే సుమారు 0.7, తడి రోడ్డు మీద 0.4, ఇసుక పరిచినట్టున్న మలుపులో ఇంకా తక్కువ. గుండు అయిపోయిన టైరుతో తడి రోడ్డు మీద దాన్ని నమ్ముకోకపోవడమే మంచిది. ఈ విలువలను 9.78తో గుణిస్తే పొడి రోడ్డు మీద గరిష్ఠ త్వరణం 6.8, తడి రోడ్డు మీద 3.9 మీ/సె². రోజువారీ భాషలో చెప్పాలంటే, ఎండ రోడ్డు మీద ఎంత గట్టిగా బ్రేకు వేసినా ఒక సెకనులో గంటకు 25 కిలోమీటర్ల వేగమే తగ్గించుకోగలం. తడి రోడ్డు మీద అది 14 కిలోమీటర్లే. రోడ్డు ఇచ్చేది నెల జీతంలాంటిది: కదలడానికి, ఆగడానికి, తిరగడానికి ఖర్చంతా అందులోంచే పెట్టుకోవాలి, అప్పు పుట్టదు.

ఆగే దూరం

వేగం, ఆగే దూరం మధ్య సంబంధం మనసుకు అంత తేలికగా ఎక్కదు. బ్రేకు పట్టాక బండి పోయే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దానికి ముందు, ప్రమాదాన్ని చూసి కాలో చెయ్యో బ్రేకు మీదికి పోయేలోపు సుమారు ఒకటిన్నర సెకను గడుస్తుంది. ఆ సేపూ బండి పాత వేగంతోనే పోతుంది. గంటకు 40 కి.మీ. వేగంలో ఈ ఆలోచనా దూరం 17 మీటర్లు, పొడి రోడ్డు మీద బ్రేకు దూరం 9 మీటర్లు, వెరసి 26. గంటకు 60లో ఆలోచనకే 25 మీటర్లు పోతాయి, బ్రేకుకు మరో 20, వెరసి 45.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే రోడ్డు మీద ఒకే చోటి నుంచి ఇద్దరు ఒకేసారి ఒక పిల్లవాడు అడ్డం రావడం చూశారనుకుందాం. 40లో ఉన్న బండి 26 మీటర్ల దగ్గర ఆగిపోయింది. 60లో ఉన్న బండి అదే చోటికి వచ్చేసరికి బ్రేకు పట్టి ఒక్క మీటరు దూరమే అయింది. అక్కడ దాని వేగం ఇంకా 58. ‘ఇరవై కిలోమీటర్లే కదా ఎక్కువ’ అనే మాటకు ఈ లెక్క కంటే ఘాటైన జవాబు దొరకదు.

158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతించిన గరిష్ఠ వేగం 2023 నుంచి గంటకు 120. ఆ వేగంలో ఆలోచనా దూరమే 50 మీటర్లు. పొడి రోడ్డు మీద ఆగడానికి మొత్తం 130 మీటర్లు, తడి రోడ్డు మీద 190 పైచిలుకు కావాలి. ముందు కారుకు 30 మీటర్ల వెనక 120లో పోయేవాళ్లు నిజానికి ముందు కారు హఠాత్తుగా ఆగదనే నమ్మకం మీద పోతున్నారు. మామూలుగా ఆ నమ్మకం వమ్ము కాదు, ముందు కారుకు కూడా ఒక్కసారిగా ఆగడం కుదరదు కాబట్టి. ముందు ఆగి ఉన్న లారీ ఉంటేనే చిక్కు.

డౌనులో ఇదంతా ఇంకా బిగుసుకుంటుంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ అన్న పేర్లలోనే కొండలు ఉన్నాయి. గ్రానైట్ గుట్టల మీద లేచిన నగరానికి ఎగుడుదిగుళ్లు తప్పవు. పది మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో గురుత్వంలో దాదాపు పదో వంతు బండిని కిందికి లాగుతూనే ఉంటుంది. తడి రోడ్డు ఇచ్చే 3.9లో ఒకటి దానికే పోయి ఆపడానికి 2.9 మిగులుతుంది. బ్రేకు దూరం మూడో వంతు పెరుగుతుంది. అదే వాలు ఎక్కుతూ సిగ్నల్ దగ్గర ఆగితే, ఇద్దరు కూర్చున్న స్కూటర్‌ను దాదాపు 24 కిలోల బరువుతో సమానమైన బలం వెనక్కి లాగుతుంది. కాళ్లు నేలకు ఆనించి నిలబెట్టేవాళ్లకు ఈ అంకె పిక్కల్లో తెలుస్తుంది.

ముందు బ్రేకు మీద ఉన్న అపవాదు

‘ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతావు’ అనేది బండి నేర్పే ప్రతి ఇంట్లో వినిపించే హెచ్చరిక. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే గానీ, దానివల్ల వెనక బ్రేకు మాత్రమే తొక్కే అలవాటు తరాలుగా నడుస్తోంది. బలాల లెక్క ఇంకోలా ఉంటుంది.

బ్రేకు వేసినప్పుడు రోడ్డు బండిని వెనక్కి నెట్టేది కింద, టైరు దగ్గర. బండి, మనిషి కలిసిన గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు, నేలకు రెండడుగుల పైన ఉంటుంది. కింద వెనక్కి నెడుతుంటే పైభాగం ముందుకు వాలబోతుంది. ఆ భారం ముందు చక్రం మీద పడుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. గరిమనాభి ఎత్తు చక్రాల మధ్య దూరంలో సగం అనుకుందాం. మామూలు బండికి ఇది దగ్గరి అంచనాయే. నిలకడగా ఉన్నప్పుడు బరువు చెరి సగంగా ఉంటే, గట్టి బ్రేకులో ముందు చక్రం మీద 80 శాతానికి పైగా, వెనక చక్రం మీద 20 శాతం లోపు ఉంటుంది. ఘర్షణ అభిలంబ బలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పట్టంతా ముందుకు పోయినట్టే. వెనక బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే పొడి రోడ్డు మీద కూడా గురుత్వంలో నాలుగో వంతుకు మించి రాదు. గంటకు 40 నుంచి రెండు బ్రేకులతో 9 మీటర్లలో ఆగే బండి, వెనక బ్రేకుతో మాత్రమే అయితే 24 మీటర్లు తీసుకుంటుంది. పైగా తేలికైపోయిన వెనక చక్రం లాక్ అయి పక్కకు ఈడ్చుకుపోతుంది కూడా.

మరి పల్టీ? ఇదే లెక్క ప్రకారం వెనక చక్రం గాల్లోకి లేవాలంటే వేగం తగ్గే రేటు గురుత్వ త్వరణాన్నే దాటాలి. మామూలు టైరు మామూలు రోడ్డు మీద అంత పట్టు ఇవ్వదు, అంతకు ముందే జారుతుంది. నిటారు డౌనులో, చక్రం గుంతలో దిగినప్పుడు కథ వేరు. ఎక్కువగా జరిగేది ఇంకొకటి: హ్యాండిల్ తిప్పి ఉండగా, లేదా ఇసుక మీద, ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టేయడంతో చక్రం లాక్ అయి జారడం. తిరగడం ఆగిన చక్రానికి దారి మళ్లించే శక్తి ఉండదు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, అంతకన్నా చిన్నవాటికి రెండు చక్రాలకూ ఒకేసారి బ్రేకు పంచే సీబీఎస్ తప్పనిసరి చేసింది ఇందుకే. మొదటిది చక్రం లాక్ కాకుండా చూస్తుంది, రెండోది మన అలవాటును సరిదిద్దుతుంది.

మలుపు అడిగే వాటా

తిన్నగా పోతున్న బండిని వంపు దారిలో తిప్పడానికి మలుపు కేంద్రం వైపు ఒక బలం కావాలి. పాఠాల్లో దాని పేరు అభికేంద్ర బలం. పేరు కొత్తదైనా బలం కొత్తది కాదు. మలుపులో ఆ పని చేసేది టైరు కింద ఘర్షణే, రోడ్డు లోపలి వైపుకు వాలి ఉంటే ఆ వాలు కొంత సాయం చేస్తుంది. కావలసిన త్వరణం వేగం వర్గాన్ని మలుపు వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది.

మన దేశంలో రోడ్లు గీసే ఇంజనీర్లు మలుపుల్లో పక్క ఘర్షణను 0.15కు మించి వాడుకోరు. టైరు 0.7 ఇవ్వగలిగినా అందులో ఐదో వంతే లెక్కలోకి తీసుకుని మిగతాది వానకు, అరిగిన టైర్లకు, మలుపులో బ్రేకు వేసేవాళ్లకు వదిలేస్తారు. వాలుతో కలిపి మొత్తం 0.2 అనుకుంటే, గంటకు 40 కోసం గీసిన మలుపుకు 63 మీటర్ల వ్యాసార్ధం ఉంటే సరిపోతుంది. ఇదే మలుపులో ఎవరైనా 100లో వస్తే? వేగం రెండున్నర రెట్లు, కావలసిన బలం ఆరుంపావు రెట్లు. 0.2 కాస్తా 1.25 అవుతుంది. వాలు సాయంతో కలిపినా పొడి రోడ్డు 0.75 దగ్గరే చేతులెత్తేస్తుంది. ఆ మలుపులో గంటకు 77 దాటిన కారు స్టీరింగ్ ఎటు తిప్పినా బయటికే పోతుంది.

2019 నవంబరులో గచ్చిబౌలి బయోడైవర్సిటీ కూడలి దగ్గర కొత్తగా తెరిచిన ఫ్లైఓవర్ మీద నుంచి ఒక కారు ఎగిరి కింద రోడ్డు మీద పడింది. కింద ఉన్న ఒక మహిళ చనిపోయింది. గంటకు 40 పరిమితి ఉన్నచోట కారు వేగం వంద దాటిందని పోలీసులు అప్పట్లో చెప్పారు. వంతెన గీతలో లోపం ఉందా, డ్రైవర్‌ది తప్పా అని చాలా రోజులు వాదనలు నడిచాయి. ఆ వంపు గురించి ఇంజనీర్లు వాదించుకోవాల్సిన విషయాలు ఉండవచ్చు. కానీ పరిమితికి రెండున్నర రెట్ల వేగానికి సరిపడేలా నగరం మధ్య మలుపు గీయాలంటే వ్యాసార్ధం ఆరు రెట్లు కావాలి, అంటే దాదాపు 400 మీటర్లు. అంత జాగా ఏ కూడలిలోనూ ఉండదు.

ద్విచక్ర వాహనం మలుపులో వంగడం కూడా ఈ లెక్కలో భాగమే. రోడ్డు టైరును లోపలికి నెట్టేటప్పుడు బండి నిటారుగా ఉంటే బయటి వైపు పడిపోతుంది; వంగి ఉంటే బరువు దాన్ని సరితూస్తుంది. 20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 30లో పోతే దాదాపు 20 డిగ్రీలు, 40లో పోతే 32 డిగ్రీలు వంగాలి. ఆ రెండోది పొడి రోడ్డుకు హద్దు దగ్గర, తడి రోడ్డు మీద అసాధ్యం. మూడు చక్రాల ఆటోకు వంగే వీలే లేదు. ముందు ఒకే చక్రం, పైన ఎత్తయిన బాడీ, షేర్ ఆటో అయితే డ్రైవర్‌కు అటూ ఇటూ కూడా మనుషులు. కారు హద్దు దాటితే జారుతుంది, ఆటో జారకముందే పల్టీ కొట్టవచ్చు.

మలుపులో ఉండగానే బ్రేకు వేస్తే రెండు ఖర్చులూ ఒకే జీతంలోంచి పోతాయి. కాకపోతే ఇవి లంబ దిశల్లో ఉన్న బలాలు కాబట్టి మామూలు కూడిక పనిచేయదు, పైథాగరస్ సిద్ధాంతం కావాలి. రోడ్డు ఇచ్చే 7లో మలుపు 5 తీసుకుంటే బ్రేకుకు మిగిలేది 2 కాదు, దాదాపు 4.9. వినడానికి ఉదారంగానే ఉంది. కానీ మలుపు 6.5 తీసుకున్నాక మిగిలేది 2.6 మాత్రమే. హద్దుకు దగ్గరయ్యేకొద్దీ అది ఒక్కసారిగా పడిపోతుంది. మలుపులోకి రాకముందే వేగం తగ్గించుకోమని పాత డ్రైవర్లు చెప్పే మాటకు సూత్రం ఇది.

నిలబడి వెళ్లేవాళ్ల భౌతికశాస్త్రం

బస్సులో, మెట్రోలో నిలబడ్డ మనిషికి రోడ్డు బదులు చెప్పుల కింద నేల ఉంటుంది. వాహనం వేగం పుంజుకుంటే నేల పాదాలను ముందుకు లాగుతుంది, పైన ఉన్న శరీరం ఉన్న వేగంతోనే ఉంటుంది. అందుకే వెనక్కి పడబోతాం. ఎవరూ వెనక్కి నెట్టలేదు. మన దృష్టిలో చూస్తే మాత్రం ఆ కాసేపు నేల వాలిపోయినట్టు ఉంటుంది. సెకనుకు ఒక మీటరు చొప్పున వేగం పెరిగే రైల్లో ఆ వాలు ఆరు డిగ్రీలు. మెట్రో రైళ్లను సాధారణంగా ఈ స్థాయి త్వరణంతోనే నడుపుతారు. పాదాలు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డ మనిషి కూడా ఇంతవరకు తమాయించుకోగలడు. ఆర్డినరీ బస్సులో సడన్ బ్రేక్ పడితే సెకనుకు నాలుగైదు మీటర్లు తగ్గుతుంది. వాలు 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది. పైన రాడ్ పట్టుకోకుండా దాన్ని తట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ప్రయాణ దిశలో కాళ్లు ఎడంగా పెట్టి, పక్కకు తిరిగి నిలబడితే కొంత నయం. ఏళ్ల తరబడి బస్సెక్కే ఉద్యోగులు ఎవరూ చెప్పకుండానే అలాగే నిలబడతారు.

త్వరణం విలువతో పాటు అది మారే వేగం కూడా ముఖ్యం. బస్సు పూర్తిగా ఆగిన క్షణంలో అందరూ ఒకసారి వెనక్కి ఊగుతారు. అప్పటిదాకా బ్రేకుకు ఎదురుగా కండరాలు బిగించి ఉన్నాం, ఆ బలం ఉన్నట్టుండి మాయమైంది, కండరాలకు ఆ వార్త ఆలస్యంగా అందింది. చెయ్యి తిరిగిన డ్రైవర్ చివరి అడుగులో బ్రేకును కాస్త వదులుతాడు. అప్పుడు ఊగుడు ఉండదు.

త్వరణాన్ని ఇలా అదుపులో పెట్టడానికి ఖరీదు ఉంది. హైదరాబాద్ మెట్రో గరిష్ఠ వేగం గంటకు 80. ఒక మీ/సె² త్వరణంతో అక్కడికి చేరడానికి 22 సెకన్లు, పావు కిలోమీటరు పడుతుంది. ఆగడానికి మరో పావు కిలోమీటరు. 69 కిలోమీటర్లలో 57 స్టేషన్లు ఉన్న మార్గాల్లో స్టేషన్ల మధ్య దూరం సగటున కిలోమీటరుపైన కొంచెం. అంటే దారిలో దాదాపు సగం వేగం పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికే పోతుంది. స్టేషన్లలో ఆగే సమయం కూడా కలిపితే సగటు వేగం 80లో సగానికి కూడా రాదు.

స్పీడ్ బ్రేకర్ మీద తేలికయ్యే బండి

ఇప్పటిదాకా అభిలంబ బలం బరువుకు సమానమని అనుకుంటూ వచ్చాం. స్పీడ్ బ్రేకర్ ఆ సమానత్వాన్ని చెడగొడుతుంది. గుండ్రని బుడిపె మీదుగా పోయేటప్పుడు బండి కిందికి వంగే దారిలో వెళ్తుంది. ఆ వంపుకు కావలసిన బలం బరువులోంచే పోతుంది. మిగిలినదే టైరు మీద పడుతుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి. గంటకు 25లో దాటడానికి ఉద్దేశించింది. ఆ వేగంలో శిఖరం మీద బరువులో 29 శాతం తగ్గుతుంది. కూర్చున్నవాళ్లకు కడుపులో చిన్న కదలిక, అంతే. 46లో దాటితే బరువు మొత్తం పోతుంది, స్ప్రింగుల సాయం లేకపోతే చక్రాలు గాల్లోనే. ఇప్పుడు కాలనీవాళ్లు సొంతంగా సిమెంటుతో కట్టించుకునే బుడిపెలను చూడండి. ఎత్తు అంతే, వెడల్పు మూడడుగులు. వ్యాసార్ధం ఒక మీటరుకు పడిపోతుంది. చక్రం లేవడానికి గంటకు 11 కి.మీ. చాలు. అదీ నడుములు విరిచే విద్య. మలుపు పక్కనే ఇలాంటిది కట్టారంటే, బండికి పట్టు బాగా కావలసిన చోటే పట్టు తీసేశారన్నమాట.

బస్సులో చివరి సీటు గురించి అందరికీ తెలుసు, కారణం మాత్రం అరుదుగా చెప్పుకుంటారు. ఆ సీటు వెనక చక్రాలకు ఇంకా వెనక ఉంటుంది. వెనక చక్రం ఎక్కినప్పుడు బస్సు ముందు చక్రాల ఆధారంగా తిరుగుతుంది. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి ఐదున్నర మీటర్లు, చివరి సీటుకు ఎనిమిది మీటర్లు అనుకుంటే, చక్రం పది సెంటీమీటర్లు లేచినప్పుడు సీటు దాదాపు పదిహేను సెంటీమీటర్లు లేస్తుంది, అదీ అంతే సమయంలో.

పట్టు తప్పాక

జారిన బండి మీది మనిషిని గురుత్వం ఎంత వేగంతో నేలకు కొడుతుంది? బండి మీద కూర్చున్న మనిషి తల సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి నేలను చేరేసరికి కిందికి వేగం సెకనుకు 5.4 మీటర్లు, అంటే గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. బండి 60లో ఉన్నా, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా ఈ నిలువు వేగం ఒకటే. అడ్డ వేగం దాన్ని పెంచదు, తగ్గించదు. ‘వీధి చివరి కొట్టు దాకే కదా’ అని హెల్మెట్ వదిలేసేవాళ్లు తగ్గించుకునేది అడ్డ వేగాన్నే.

తలకు తగిలే దెబ్బ ఆగడానికి దొరికే దూరాన్ని బట్టి ఉంటుంది. కాంక్రీటుకు నేరుగా తగిలితే మూడు మిల్లీమీటర్లలో ఆగాలి. త్వరణం గురుత్వానికి 500 రెట్లు. హెల్మెట్ లోపలి థర్మోకోల్‌లాంటి పొర 25 మిల్లీమీటర్లు నలిగితే అది 60 రెట్లు. హెల్మెట్ ఇచ్చేది ఆ రెండు సెంటీమీటర్ల చిల్లర దూరమే, అదీ ఒక్కసారే. నలిగిన పొర మళ్లీ ఉబ్బదు. పైకి గీత కూడా పడని హెల్మెట్‌ను ఒక గట్టి దెబ్బ తర్వాత మార్చాలనేది ఇందుకే. పట్టీ పెట్టుకోకపోతే తల నేలను చేరేలోపే అది ఎగిరిపోతుంది, ఆ దూరమూ ఉండదు.

నీళ్లలో కారు

2020 అక్టోబరు 13 రాత్రి వానకు హైదరాబాద్ కాలనీల్లో కార్లు కొట్టుకుపోయిన దృశ్యాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. టన్ను బరువున్న ఇనుప వస్తువు మోకాలు లోతు నీళ్లలో ఎలా తేలింది అన్నది అప్పుడు వినిపించిన ప్రశ్న. పైన వాడిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది, అభిలంబ బలం మాత్రం నీటి చేతిలోకి పోతుంది.

నాలుగు మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు ఉన్న కారు అడుగుభాగం 6.8 చదరపు మీటర్లు. కారు అడుగును నీరు తాకాక పెరిగే ప్రతి సెంటీమీటరూ 68 లీటర్లను పక్కకు నెడుతుంది. ఆర్కిమెడిస్ చెప్పినట్టు అంతే బరువు, 68 కిలోలు, టైర్ల మీద తగ్గుతుంది. నేల నుంచి అడుగు 17 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, లోపలికి నీరు చేరేలోపు 32 సెంటీమీటర్ల లోతులోనే టన్ను బరువు పూర్తిగా తేలిపోతుంది.

అంత దాకా కూడా అక్కర్లేదు. 25 సెంటీమీటర్ల లోతులో టైర్ల మీద 450 కిలోల చిల్లర మిగులుతుంది. తడి రోడ్డు ఘర్షణ దాన్ని 180 కిలోల బరువుతో సమానమైన బలంతో పట్టుకోగలదు. వీధిలో నీరు సెకనుకు మూడు మీటర్ల వేగంతో పారుతూ, కారు పక్కభాగంలో అర చదరపు మీటరుకు తగిలితే చాలు, నెట్టే బలం 230 కిలోలకు చేరుతుంది. ఇక్కడా వేగం వర్గమే. నీరు సెకనుకు రెండు మీటర్లే ఉంటే ఆ బలం వంద కిలోల దగ్గర ఆగి కారు నిలబడేది. ఒకే వీధిలో ఒక కారు కదలకుండా ఉండి, వాలు మొదలైన చోట ఇంకొకటి కొట్టుకుపోవడం అందువల్లే.

ఎత్తయిన, బరువైన ఎస్‌యూవీకి ఈ ఇబ్బంది ఉండదనే నమ్మకం బలంగా ఉంది. 1800 కిలోల బండి, 8.5 చదరపు మీటర్ల అడుగు, నేల నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు అనుకుని ఇదే లెక్క వేస్తే అది తేలే లోతు 41 సెంటీమీటర్లు. చిన్న కారు కంటే తొమ్మిది సెంటీమీటర్లు ఎక్కువ.